గుప్పిట్లో లంగ్గం

మరికీనా, మనీలా
జనవరి 19, 2003

ఆతె కసిల్దా,

నీ కథ చేరింది. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పైన బియ్యం సంచి గుడ్డ కుట్టి మరీ పంపావు. పోస్టుమాన్ దాన్ని దూరంగా పట్టుకుని, "సిక్విహోర్ నుంచా అమ్మా? లోపల ఏమైనా కదుల్తోందా?" అని అడిగాడు. మీ దీవి పేరు వింటే ఇక్కడ అందరికీ మందు పెట్టడాలూ చేతబడులే గుర్తొస్తాయి. నువ్వు బళ్ళో పాఠాలు చెప్పే టీచరువని ఎంత చెప్పినా నమ్మరు.

సెల్మో అన్నయ్య ఆదివారం వచ్చి కథ తీసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ నీతో కలిసి చదువుకున్నాడని చెప్పావు గానీ, ఇంత తక్కువ మాట్లాడతాడని చెప్పలేదు. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే షాపులో పని చేస్తున్నాడు కదా, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఆ కెమెరానే అడిగి తెచ్చుకుని సినిమా తీస్తాడట. షూటింగ్ మా ఇంట్లోనే. అమ్మ ఒప్పుకుంది. నేను టైలరింగ్ షాపుకి సెలవు పెట్టి వాళ్ళకి అన్నం వండుతున్నాను.

కథతో పాటు నువ్వు పంపిన తోర్తా కేకుల సంగతి చెబితే నవ్వుతావు. డబ్బా తెరవగానే వాసనకి అందరూ చుట్టూ మూగారు. సిక్విహోర్ నుంచి వచ్చాయనగానే అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "తింటే ఎవరి వెంట పడాల్సొస్తుందో!" అని లైట్లు పట్టే కుర్రాడు దండం పెట్టాడు. సెల్మో అన్నయ్య ఒక్కడే కూర్చుని డబ్బా అంతా ఖాళీ చేశాడు. "కొబ్బరికల్లు పోసి పొంగించిన కేకురా ఇది. మీ మొహాలకేం తెలుసు" అన్నాడు. ఆ రోజు అతను మాట్లాడిన మాటల్లో అదే పొడుగు.

కథ నేనూ చదివాను. రేపు వేరే పిల్లని పెళ్ళాడబోయే స్నేహితుడికి కథలో అమ్మాయి పెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టడం, చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే కాలర్ మీద పెట్టె మళ్ళీ మళ్ళీ నడపడం. బరోంగ్ చొక్కా ఎంత సన్నని నారో నాకు తెలుసు కదా, ఎక్కడ కాల్చేస్తుందోనని చదువుతున్నంతసేపూ భయపడ్డాను. ఆతె, ఇది ఎవరి కథ? ఊళ్ళో నీకు తెలిసినవాళ్ళదా?

క్లారిబెల్ అనే అమ్మాయి వేస్తోంది ఆ వేషం. స్నేహితుడి వేషం సెల్మో అన్నయ్యే వేస్తున్నాడు, వేరే మనిషి దొరకలేదని.

నీ చెల్లి
దివినా

*

లాసి, సిక్విహోర్
ఫిబ్రవరి 2

దివినా,

మొదట ఒక సంగతి. నన్ను ఆతె అనకు. అది మనీలా అక్క. మా నాన్నా మీ నాన్నా ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు. మీ నాన్న ఓడెక్కి అక్కడ స్థిరపడిపోయి నీకు మన మాట ఒక్క ముక్క నేర్పకుండా పోయాడు. మా వైపు అక్కని మనాంగ్ అంటారు. నేర్చుకో.

ఆ కథ ఎవరిదీ కాదు. ఊహించి రాసిందే. రాసేవాళ్ళని ఎవరి కథ అని అడగకూడదు.

ఇక నువ్వు రాసిన తీరు గురించి. పోస్టుమాన్ గురించి రాశావు, కేకుల గురించి రాశావు, వాడే స్వయంగా వేషం వేస్తున్నాడన్న సంగతి చిట్టచివర తోక కింద రాశావు. అది మొదటి వాక్యంలో రాయాల్సింది! ఈ క్లారిబెల్ ఎవరు? తెల్లగా ఉంటుందా? ఇస్త్రీ చేయడం వచ్చా, లేక గోళ్ళకి రంగు వేసుకుని పెట్టెని చెంచాలా పట్టుకుంటుందా? "ఈ మడత నలక్కుండా కూర్చో. కూర్చునేటప్పుడు నన్ను గుర్తు చేసుకో" అన్న మాట ఎలా పలుకుతోంది? ఏడుస్తూ పలికితే ఆపించు. ఏడవకుండా పలకాలి. వాడి కళ్ళలోకి చూస్తూ కూడా పలకకూడదు, కాలర్ వంక చూస్తూ పలకాలి. నేను అలాగే రాశాను.

నా మాటలు ఇంకొకామె నోట్లో పెట్టి వాడికి చెప్పించుకుంటున్నాను. ఇందులో తప్పు నాదే, నాకు తెలుసు. అయినా ఆమె పేరు చదివినప్పటి నుంచీ అన్నం సరిగా దిగడం లేదు.

నాకో పని చేసిపెట్టు. సెల్మో చివరి పుట చదివేటప్పుడు వాడి మొహం ఎలా ఉంటుందో చూసి రాయి. ఎందుకని అడక్కు. వాడికి నేను అడిగానని చెప్పకు. వాడికి రాస్తే జవాబు రాదు, వచ్చినా ఒక్క ముక్కే వస్తుంది. మీ సెల్ ఫోన్ సందేశాలు మా కొండ ఎక్కవు. కాబట్టి నా కళ్ళు నువ్వే.

మనాంగ్ కసిల్దా

*

మరికీనా
ఫిబ్రవరి 20

ఆతె (సరే, మనాంగ్. నాలుక తిరగడం లేదు, కొన్నాళ్ళు ఓపిక పట్టు),

క్లారిబెల్ పీడ నీకు వదిలింది. ఆమెకి టూత్‌పేస్టు ప్రకటనలో నవ్వే అవకాశం వచ్చిందట, చొక్కా సగం ఇస్త్రీలో ఉండగానే వెళ్ళిపోయింది. అందరూ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నేను వంటింట్లో ఎండుచేపలు వేయిస్తూ, "ఇప్పుడెలా? ఈ మడత నలక్కుండా కూర్చో అని ఎవరు చెప్తారిక?" అని నవ్వులాటకి అన్నాను. సెల్మో గుమ్మం దగ్గర నిలబడి, "మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. "చేపలు దించి రా" అన్నాడు.

అలా నేను హీరోయిన్‌ని అయ్యాను. నవ్వకు. ఇస్త్రీ పెట్టె మాత్రం నాలా ఏ క్లారిబెల్లూ పట్టలేదు. నువ్వు చెప్పినట్టే కాలర్ వంక చూస్తూ పలికాను.

నువ్వు అడిగిన చివరి పుట. "గుప్పిట తెరువు. లంగ్గం చచ్చిపోతుంది" అని అతను అనాలి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పాలి, అంతే కదా. నాకు మొదట్నుంచీ అనుమానమే. లంగ్గం అంటే చీమ కదా, పెళ్ళికొడుకుని సాగనంపుతున్న పిల్ల గుప్పిట్లో చీమలెందుకు పట్టుకుంటుంది? అడిగేశాను. "ఇదేంటి, ఇక్కడ నిజంగా లంగ్గమేనా? చీమలా?" అన్నాను. అతను ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి సిగరెట్టు వెలిగించి, రెండు పీల్పులకే ఆర్పేశాడు. తర్వాత, "ఊ. చీమలే" అన్నాడు. "పక్కింటి మామిడిచెట్టుకి ఎర్రచీమలున్నాయి చూడు, అవి పట్టిద్దాం" అన్నాడు. మొహం ఎలా ఉందంటే ఏం చెప్పను, అతని మొహం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

తర్వాత జరిగింది విను. ఆ ఎర్రచీమల్ని నా గుప్పిట్లో పోశారు. కెమెరా తిరుగుతోంది, కదలకూడదు. అతను ఒక్కో వేలూ విప్పేసరికి నా అరచెయ్యి మిరపకాయలా మండింది. "కట్" అనగానే కేక పెట్టాను. సెల్మో పరుగెత్తి వెనిగర్ సీసా తెచ్చి, చెయ్యంతా రాసి, చాలాసేపు ఊదుతూ కూర్చున్నాడు. "పిచ్చిదానా, నొప్పి పుడితే చెప్పాలి కదా" అన్నాడు. "చెప్పకుండా ఉండాలని కథలో రాసుందిగా" అన్నాను. అతను నవ్వడం మొదటిసారి చూశాను, ముందుపళ్ళలో ఒకటి కొంచెం వంకర.

చెయ్యి ఇంకా వాచే ఉంది. అక్షరాలు కోడి గెలికినట్టుంటే తిట్టుకోకు.

దివినా

*

లాసి
మార్చి 4

దివినా,

ఉత్తరం అందింది. చీమలు కుట్టినందుకు విచారం.

వెనిగర్ మంచిదే. ఊదక్కర్లేదు. ఊదితే వాపు తగ్గుతుందని ఏ డాక్టరూ చెప్పడు.

జనవరి ఉత్తరంలో సెల్మో అన్నయ్య అని రాశావు. వరసగా అన్ని చోట్లా అన్నయ్యే. ఈ ఉత్తరంలో ఉత్త సెల్మో. అన్నయ్యని కూడా చీమలు తినేశాయా?

ఆ వంకర పన్ను, మా ఇంటి వెనక జామచెట్టు మీంచి పడ్డప్పుడు అలా అయింది. కొమ్మ ఊపింది నేను. నీకు తెలియాలని రాస్తున్నాను.

తోర్తా ఇంకో డబ్బా పంపుతున్నాను. మూత మీద వాడి పేరు రాశాను. వాడికే ఇవ్వు.

కసిల్దా

*

మరికీనా
మార్చి 27

మనాంగ్ కసిల్దా,

నీ ఉత్తరం చదివి మా అమ్మ, "మీ అక్క అలిగింది. ఎవరో ఒకళ్ళు బతిమాలేదాకా దిగదు, వాళ్ళ నాన్నా అంతే" అంది. నేను బతిమాలుతున్నాను. ఏం తప్పు చేశానో చెబితే ఇంకా బాగా బతిమాలతాను.

సినిమా అయిపోయింది. పోయిన శనివారం ఒక కాలేజీ హాల్లో వేశారు. వేరే కుర్రాళ్ళు తీసిన చిన్న సినిమాలు కూడా చాలా వేశారు. ఒకదాంట్లో మనిషి ఊరికే నడుస్తూనే ఉన్నాడు, మా అమ్మ నిద్రపోయింది. మనదానికి మాత్రం ఎవరూ కదల్లేదు. "కూర్చునేటప్పుడు నన్ను గుర్తు చేసుకో" అన్నప్పుడు వెనక వరసలో ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. కథ: కసిల్దా హుమావన్ అని తెర మీద పడింది. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. నిజం చెప్పాలంటే అక్షరాలు చిన్నవి, నేను సెల్మోతో గొడవ పడ్డాను కూడా.

అయిపోయాక మమ్మల్నిద్దర్నీ ముందుకి పిలిచారు. ఇక హాలంతా ఒకటే గోల. "నిజంగా చెప్పేయమ్మా ఇప్పుడు!" "ఏం బాబూ, అర్థం కాలేదా ఇంకా?" అని ఆటపట్టించారు. నాకు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. సినిమా వేరు, మనుషులు వేరు అని వాళ్ళకి తెలియదు కదా.

ఒక్క సంగతి వింతగా అనిపించింది. చివరి చీమల సీను రాగానే సెల్మో లేచి బయటికి పోయాడు. పొగ తాగడానికన్నాడు. సొంత సినిమా ఆఖరి నిమిషంలో పొగ గుర్తొస్తుందా ఎవరికైనా?

తోర్తా డబ్బా అతనికి ఇచ్చాను. బాగున్నాయన్నాడు.

చెయ్యి తగ్గింది. అలక దిగు.

దివినా

*

లాసి
ఏప్రిల్ 8

దివినా,

అలక కాదు. అలక అయితే బతిమాలితే పోతుంది. ఇది కడుపుమంట. తెరిచి రాసేస్తున్నాను, దాచే ఓపిక అయిపోయింది.

లంగ్గం అంటే మీ మనీలా మాటలో చీమ. మా మాటలో పిట్ట.

నేను బళ్ళో పిల్లలకి చెప్పేది మీ మాటే. పిట్టని మీరేమంటారో నాకు బాగా తెలుసు. కథంతా మీ మాటలో రాసి ఆ ఒక్క మాట మాత్రం కావాలని మా మాటలో పెట్టాను. ఎవరు చదివినా చీమ అనుకుని దాటిపోవాలి, వాడొక్కడే ఆగాలి. వాడు ఇక్కడ పుట్టినవాడు. ఆగితే వాడికి గుర్తొస్తుంది. గుర్తొస్తే, ఇస్త్రీ చేస్తున్నదెవరో, చొక్కా ఎవరిదో తెలుస్తుంది. నోటితో చెప్పలేక ఇన్ని కాగితాలు రాసింది ఆ ఒక్క మాట కోసం.

వాడు మనీలా ఓడెక్కే ముందురోజు సామాను కట్టుకుని బడికి వచ్చాడు. నేను అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒక చిన్న పిట్ట తరగతి గదిలోకి దూరి, అద్దాలకి కొట్టుకుని నేల మీద పడింది. నేను తీసి గుప్పిట్లో పట్టుకున్నాను. దాని గుండె నా వేళ్ళకి తగులుతోంది. అదే సమయానికి నా నోటి దాకా మాట వచ్చింది, వెళ్ళకురా అని. చెప్పబోతున్న కంగారులో గుప్పిట బిగించేశాను. వాడు, "ఏయ్, గుప్పిట తెరువు. లంగ్గం చచ్చిపోతుంది!" అన్నాడు. నేను తెరవలేదు. వాడే నా చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ విప్పాడు. పిట్ట కిటికీలోంచి పోయింది. మర్నాడు వాడూ పోయాడు.

వాడు నా చెయ్యి పట్టుకోవడం అదొక్కసారే. మిగతాదంతా నేను ఊహించి రాసిందే. వాడికి ఇంకా పెళ్ళి కాలేదు, నేను వాడి చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యలేదు.

ఇప్పుడు ఆ సీన్లో నీ చెయ్యి ఉంది. అందులో చీమలున్నాయి. నా మాటలు నువ్వు పలికావు, జనం నిన్ను ఆటపట్టించారు, వాడు నీ చెయ్యి ఊదాడు. క్లారిబెల్ అయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నువ్వు నా పినతండ్రి కూతురివి, నిన్ను తిట్టుకుంటే నన్ను నేనే తిట్టుకున్నట్టు ఉంది. అయినా తిట్టుకుంటున్నాను. నీ ఉత్తరంలో వాడి పేరు ఎన్నిచోట్ల ఉందో వేలు పెట్టి వెతుక్కుంటూ కూర్చుంటున్నాను. నేనింత దిగజారతానని అనుకోలేదు.

నువ్వు అడిగావు, వాడు "ఊ, చీమలే" అన్నాడు. అంటే మర్చిపోయాడు. ఊరూ మాటా పిట్టా నేనూ అన్నీ. అది నిజమేనా అని అడుగు. లంగ్గం అంటే మీ ఊళ్ళో ఏమిటి అని ఒక్క ప్రశ్న వెయ్యి, ఏమన్నాడో అక్షరం మార్చకుండా రాయి. మంచైనా చెడైనా.

గుడ్ ఫ్రైడే వస్తోంది. మా కొండ మీద మూలికలు ఏరి మందులు కాచేది ఆ వారంలోనే. ఇన్నాళ్ళూ పిల్లలకి అవన్నీ నమ్మకండి అని చెప్పిన టీచర్ని, ఈసారి నేనూ వరసలో నిలబడతానేమో, జాగ్రత్త.

కసిల్దా

*

మరికీనా
ఏప్రిల్ 29

మనాంగ్,

నీ ఉత్తరం చదివి నేను నీమీద జాలిపడాలి కదా. పడలేదు. ఒళ్ళు మండింది.

నేను ఆ సినిమాలో మాట్లాడిన ప్రతి మాటా నీది. అతను నా ఎదురుగా కూర్చుని విన్నాడు కదా, ఎవరి గొంతు విన్నాడు? "మళ్ళీ చెప్పు" అన్నాడు చూడు వంటింటి గుమ్మంలో, నా గొంతు బాగుందని అన్నాడనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. నీ మాట మళ్ళీ వినాలని అన్నాడేమో! జామచెట్టు నీది, వంకర పన్ను నీది, పిట్ట నీది. నాకు మిగిలినవి చీమలు. అవి కూడా నీ మాట నేను తప్పు చదవడం వల్ల వచ్చినవే. అందుకే వెంటనే అడగలేదు. పవిత్రవారమంతా ఆ ప్రశ్న నోట్లో పెట్టుకుని తిరిగాను. జవాబు వినాలంటే నాకూ భయమే.

ఎందుకు భయమో చెప్పాలి. నువ్వు తెరిచి రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. చీమలు కుట్టిన రోజు నుంచీ మేమిద్దరం కలిసే తిరుగుతున్నాం. సినిమా వేరు మనుషులు వేరు అని రాశాను, అబద్ధం. తోర్తా ఇచ్చాననీ బాగున్నాయన్నాడనీ రాశాను, అదీ అబద్ధం. మూత మీద అతని పేరు నీ అందమైన టీచరు రాతలో చూసేసరికి తల తిరిగింది. గది తలుపేసుకుని డబ్బా అంతా నేనే తినేశాను, ఒక్క ముక్క మిగల్చలేదు. మందేదైనా ఉంటే నాకే పట్టనీ అనుకున్నాను. రాత్రంతా కడుపు ఉబ్బరం తప్ప ఏమీ పట్టలేదు.

మొన్న ఆదివారం అడిగాను. మా ఇంట్లో అన్నం తింటున్నాడు. నువ్వు చెప్పినట్టే అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"లంగ్గం అంటే మీ ఊళ్ళో ఏంటి?" అన్నాను.

చెయ్యి కంచంలో ఆగిపోయింది. "పిట్ట" అన్నాడు.

"మరి చీమలన్నావ్?"

"ముందు చీమలన్నది నువ్వు. నేను ఊ అన్నా."

"మర్చిపోయావా అప్పుడు?"

"సొంతూరి మాట ఎవరు మర్చిపోతారే? మా అమ్మ నన్ను తిట్టింది కూడా ఆ మాటలోనే." కాసేపు అన్నం కెలికాడు. "మొదటి పుటలోనే తెలిసింది, అది కసిల్దానే అని. చివరికొచ్చేసరికి నన్ను అడుగుతోందని తెలిసింది. నోటితో అడగలేదు, ఆ మాట పెట్టి అడిగింది. పిట్టని తీస్తే నాకు అర్థమైనట్టే కదా. అర్థమైతే జవాబు చెప్పాలి. నా దగ్గర తనకి కావాల్సిన జవాబు లేదు."

"అందుకని చీమలా?"

"నువ్వు చీమలా అని అడిగావ్ చూడు, అప్పుడు తోచింది. చీమల్ని తీస్తే, వీడు మనీలా పోయి మాట మర్చిపోయాడు, మొద్దు వెధవ అనుకుంటుంది. నాలుగు తిట్లు తిట్టుకుంటుంది. తిట్టుకోనీ. అడిగి కాదనిపించుకున్నానని సిగ్గుపడటం కంటే అది నయం కదా?"

నేను ఇంకొకటి అడిగాను. నీకోసం కాదు, నాకోసం. "ఆ రోజు తన చెయ్యి పట్టుకున్నప్పుడు నీకేం అనిపించింది?"

"పిట్ట బతకాలని అనిపించింది" అన్నాడు.

మనాంగ్, ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు కాగితం చింపాను. నాకు లోపల సంతోషం వేసింది. వెంటనే నీ గుప్పిట గుర్తొచ్చి ఆ సంతోషం మీద అసహ్యం వేసింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి.

ఇంకో సంగతి. మీ ఊరి పెద్ద, ఆ కెప్టెన్, సినిమా డిస్కు కావాలని అతనికి కబురు పెట్టాడట. సాన్ ఇసిద్రో పండగకి బాస్కెట్‌బాల్ కోర్టులో దుప్పటి కట్టి ఊరందరికీ వేస్తారట. అతను మొహమాటానికి పంపించేశాడు. నీకు ఇష్టం లేకపోతే ఎలాగైనా ఆపు. ఊళ్ళో అందరికీ లంగ్గం అంటే పిట్టే కదా.

నీ చెల్లి
దివినా

*

లాసి
మే 18

దివినా,

నీ ఉత్తరం పండగ ముందురోజు చేరింది. అప్పటికే కోర్టులో దుప్పటి కట్టేశారు. ఎలా ఆపను? ఆపితే ఎందుకని అడుగుతారు.

ఉత్తరం చదివి బడి వెనక నీళ్ళతొట్టి దగ్గర మొహం కడుక్కున్నాను, మళ్ళీ చదివాను, మళ్ళీ కడుక్కున్నాను. వాడు మర్చిపోయాడని ఏడ్చినప్పుడు నాకొక సుఖం ఉండేది, గుర్తుంటే ఏమయ్యేదో అని. ఇప్పుడు అదీ లేదు. వాడికి అంతా గుర్తుంది. గుర్తుండే కాదన్నాడు. కాదన్నది కూడా నాకు వినపడకుండా అనాలని, తన్ను తాను మొద్దు వెధవని చేసుకున్నాడు. ఆ తెలివి చూస్తే నాకు ఇంకా కోపం వస్తోంది, ఇంత తెలివైనవాడు నాకు దక్కలేదని.

సినిమా వేశారు. పందిమాంసం తిని, కొబ్బరికల్లు తాగి ఊరంతా కూర్చుంది. నన్ను ముందు వరసలో, ఫాదర్ పక్కన కూర్చోబెట్టారు. ఇస్త్రీ సీనంతా బాగానే చూశారు, ముసలమ్మలు ముక్కులు తుడుచుకున్నారు. తర్వాత వాడు తెర మీద, "గుప్పిట తెరువు. లంగ్గం చచ్చిపోతుంది" అన్నాడు. అందరూ పిట్ట కోసం మెడలు చాచారు. నీ వేళ్ళు విడిపోయి చీమలు పాకాయి.

కోర్టంతా గొల్లున నవ్వింది.

"పిట్టేదిరా?"

"పిట్ట పొట్టలోకి పోయింది, చీమలు మిగిలాయి!"

"మన సెల్మో మనీలా పోయి పిట్టకీ చీమకీ తేడా మర్చిపోయాడే!" అని వాడి మేనత్త కుర్చీలోంచి లేచి మరీ అరిచింది. కెప్టెన్ కడుపు పట్టుకుని నా వైపు తిరిగి, "ఏం టీచరమ్మా, కథ రాసింది నువ్వేగా? నువ్వు రాసింది పిట్టా చీమా?" అన్నాడు.

అందరూ నా వంకే చూస్తున్నారు. అక్కడ నేను ఒక్క మాట అంటే చాలు. వాడికి తెలుసనీ, తెలిసే అలా తీశాడనీ. అనడానికి నోరు దురద పెట్టింది కూడా. నేను నవ్వులపాలైనా, వాణ్ణి కూడా నడిబజారుకి ఈడ్చవచ్చు.

"పిట్టే రాశాను" అన్నాను. "వాడు మర్చిపోయాడు. మనీలా నీళ్ళు అలాంటివి." ఊరంతా మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. నా కోసం వాడు వేసుకున్న మొద్దు వేషం అది. నేనే విప్పేస్తే ఎలా?

ఇక నీ సంగతి. ఆఖరి సీను నేను నవ్వుల మధ్యనే కళ్ళార్పకుండా చూశాను. నీ చేతి మీద అన్ని చీమలు పాకుతున్నాయి కదా, వాడు ఒక్కసారి కూడా వాటి వంక చూడలేదు. నీ మొహమే చూస్తున్నాడు. ఆ రోజు బళ్ళో నా వేళ్ళు విప్పినప్పుడు వాడు పిట్టనే చూశాడు, నా మొహం చూడలేదు. నేను వాడి మొహమే చూస్తున్నాను కదా, నాకు తెలుసు. వాడు నీతో చెప్పింది అబద్ధం కాదు. నువ్వు ఎవరి గొంతు విన్నాడని అడిగావు. నీ గొంతే విన్నాడు. ఇది నేను రాయాలని ఎవరూ అడగలేదు. రాస్తుంటే చెయ్యి మండుతోంది. చీమలు లేకుండానే.

కడుపుమంట తగ్గిందనుకోకు. తగ్గలేదు. నీ ఉత్తరాల్లో వాడి పేరు కొంచెం తక్కువ రాయి. వాణ్ణి మళ్ళీ అన్నయ్య అనమని మాత్రం అడగను.

తోర్తా అంతా నువ్వే తినేశావని చదివి ఏడుస్తూనే నవ్వాను. అందులో మందు ఉండి ఉంటే ఈపాటికి నువ్వు వాణ్ణి వదిలేసి నా వెంట పడాల్సింది. ఏ మందూ లేదే పిచ్చిదానా, కొంచెం కల్లు ఎక్కువైంది, అంతే. ఈసారి డబ్బా మూత మీద ఎవరి పేరూ రాయలేదు. ఇద్దరూ తినండి.

పెళ్ళి రోజు అనుకున్నాక రాయి. వస్తానో రానో ఇప్పుడే చెప్పలేను. వచ్చినా సరే, వాడి బరోంగ్ మాత్రం నేను ఇస్త్రీ చెయ్యను. నువ్వే చేసుకో, నీకు బాగా వచ్చుగా.

నీ మనాంగ్
కసిల్దా